ఫ్రీ లెఫ్ట్ దగ్గర సైకిల్ ఎక్కడ ఆగాలి?

హైదరాబాద్ ట్రాఫిక్ పోలీసు అధికారులకు, చౌరస్తాల డిజైన్ చూసే నగరపాలక సంస్థ ఇంజనీర్లకు, లైసెన్సులు ఇచ్చే రవాణా శాఖ వారికి,

నమస్కారం.

మీరు ముగ్గురూ కలిసి జవాబు చెప్పాల్సిన ప్రశ్న ఒకటుంది. సిగ్నల్‌లో ఎర్ర లైటు పడింది. సైకిల్ మీద ఒకతను వచ్చాడు. అతను ఎడమకూ తిరగడు, కుడికీ తిరగడు, నేరుగా పోవాలి. పచ్చ లైటు పడేదాకా అతను ఎక్కడ నిలబడాలి?

మెల్లగా పోయే బండి ఎడమ అంచునే ఉండాలని చిన్నప్పటి నుంచీ అందరం వింటున్నాం. సరేనని ఎడమ అంచున నిలబడితే వెనక నుంచి హారన్లు మొదలవుతాయి, ఎందుకంటే అది ఫ్రీ లెఫ్ట్, అంటే ఎర్ర లైటున్నా ఆగకుండా ఎడమకు తిరిగిపోయే దారి. ‘అన్నా, జర జరుగు’ అంటారు. ఎటు జరగాలో మాత్రం ఎవరూ చెప్పరు. పోనీ అని మధ్యకి జరిగితే రెండు కార్ల నడుమ ఇరుక్కుంటాడు. పచ్చ లైటు పడ్డాక అతను పెడల్ మీద బలం పెట్టి కదిలేలోపే రెండు పక్కల నుంచీ బైకులు దూసుకుపోతాయి. చౌరస్తా దాటాక మళ్ళీ ఎడమ అంచుకు చేరాలంటే వాటన్నిటికీ అడ్డంపడి రావాలి. అందరికంటే ముందుకెళ్ళి నిలబడితే స్టాప్ లైన్ దాటినట్టు. బస్సు వెనక నిలబడితే, ఆ వెనక వచ్చే లారీకి అతను ఉన్నట్టే తెలియదు.

నేను రోజూ ఆఫీసుకి సైకిల్ మీదే వెళ్తాను. ఇంట్లోవాళ్ళతో ఎటైనా పోవాలంటే కారు నడుపుతాను. కాబట్టి దీన్ని డ్రైవర్ల మీద ఫిర్యాదుగా తీసుకోకండి. స్టీరింగ్ ముందు కూర్చుంటే ఎడమ పక్క ఎంత తక్కువ కనిపిస్తుందో నాకు తెలుసు. నా ఫిర్యాదు చౌరస్తా మీద. దాన్ని గీసినవాళ్ళు, నడిపేవాళ్ళు, అక్కడికి డ్రైవర్లని తయారుచేసి పంపేవాళ్ళు మీరే కాబట్టి మీకు రాస్తున్నాను.

2022 అక్టోబరులో అడ్డంగా ఆపిన బండ్లని, రోడ్డు ఆక్రమణల్ని తీసేసే ట్రాఫిక్ పోలీసుల ‘ఆపరేషన్ రోప్’ మొదలైనప్పుడు ఫ్రీ లెఫ్ట్‌కి అడ్డంగా ఆగితే 1,000 రూపాయలు, స్టాప్ లైన్ దాటితే 100 రూపాయలు అని ప్రకటించారు. దానివల్ల మంచి జరగలేదని అనను. అడ్డదిడ్డంగా ఆపిన కార్లు, రోడ్డు మీదికి పొడుచుకొచ్చిన సామాన్లు తీసేస్తే ఎవరికి చేదు? అయితే ఆ రెండు జరిమానాల నడుమ ఒక సైకిల్ కూడా ఉంటుందన్న ఆలోచన అప్పుడు ఎవరికీ వచ్చినట్టు లేదు. సైకిల్‌కి నంబర్ ప్లేటు ఉండదు, చలాన్ పడదు. ఆ రూలు అతనికి వేరే దారిలో అందుతుంది. ఎడమ లైను ఎప్పుడూ ఖాళీగా ఉండటం తన హక్కనుకునే డ్రైవర్ హారన్ రూపంలో, పక్క నుంచి రాసుకుంటూ పోయే బైకు హ్యాండిల్ రూపంలో అందుతుంది. నిజానికి ఎర్ర లైటు మీద ఎడమకు తిరగడం బోర్డు పెట్టిన చోటే చెల్లుతుంది. కానీ మన నగరంలో ఫ్రీ లెఫ్ట్ ఎప్పుడో బోర్డు దాటి అలవాటైపోయింది. బోర్డు లేని చోట కూడా ఎడమ లైనులో ఎవరైనా ఆగితే నేరం చేసినట్టే చూస్తారు.

సైకిల్ అనగానే హెల్మెట్, నల్లకళ్ళద్దాలు, లక్ష రూపాయల బండి గుర్తొచ్చే రోజులు వచ్చాయి. వాళ్ళూ ఉన్నారు, వాళ్ళతో నాకే పేచీ లేదు. కానీ తెల్లవారుజామున పేపర్ వేసే కుర్రాడు, రాత్రి డ్యూటీ దిగి ఇంటికి పోయే వాచ్‌మన్, హ్యాండిల్‌కి టిఫిన్ క్యారియర్ తగిలించుకుని బిల్డింగ్ పనికి పోయే మేస్త్రీ, వెనక క్యారేజీ మీద చాయ్ ఫ్లాస్కు కట్టుకుని తిరిగే మనిషి, బ్యాటరీ సైకిల్ మీద పార్సిళ్ళు మోసే డెలివరీ పిల్లలు, వీళ్ళకి సైకిల్ సరదా కాదు. 2011 జనాభా లెక్కల నాటికి దేశంలో నూటికి దాదాపు 45 ఇళ్ళలో సైకిల్ ఉంది. స్కూటరో బైకో ఉన్న ఇళ్ళు అందులో సగం కూడా లేవు. ఇప్పుడు ఆ లెక్క తిరగబడి ఉండొచ్చు గానీ, సైకిల్ తప్ప ఇంకోటి కొనలేని మనిషి నగరం నుంచి మాయమైపోలేదు. ఉదయం ఆరింటికి ఫ్యాక్టరీలుండే బాలానగర్ వైపో జీడిమెట్ల వైపో ఒకసారి వెళ్ళి చూడండి.

2022లో దేశం మొత్తమ్మీద రోడ్డు ప్రమాదాల్లో దాదాపు 1 లక్షా 68 వేల మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖే లెక్క చెప్పింది. వాళ్ళలో నాలుగున్నర వేల మందికి పైగా సైకిల్ మీద వెళ్తున్నవాళ్ళు. మొత్తంలో ఇది చిన్న భాగమే అనిపిస్తుంది. కానీ సైకిల్ తొక్కేవాడి వల్ల ఇంకొకరు చనిపోవడం చాలా అరుదని గుర్తు పెట్టుకుని చూస్తే ఆ సంఖ్య బరువు వేరేగా ఉంటుంది.

మనకి సైకిల్ ట్రాక్ లేదా అంటే ఉంది. 2023 అక్టోబరు 1న ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల ట్రాక్ ప్రారంభమైంది. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఒకటి, నార్సింగి నుంచి కొల్లూరు దాకా ఇంకొకటి. నాలుగున్నర మీటర్ల వెడల్పు, పైన సోలార్ పలకల కప్పు, ఎండావానా తగలవు. చక్కగా ఉంటుంది, నేనూ తొక్కాను. దాని మీదికి చేరడానికి చాలామంది సైకిల్‌ని కారు వెనక కట్టుకుని తెస్తారన్నది మాత్రం కొంచెం నవ్వు తెప్పించే సంగతి. ఆ ట్రాక్ మీద ఎడమకు కట్ కొట్టే బస్సు లేదు, ఫ్రీ లెఫ్ట్ లేదు. ప్రమాదం లేని చోట రక్షణ కట్టడం తేలిక. మేస్త్రీ సైకిల్ మాత్రం రోజూ ఎర్రగడ్డలో, ఉప్పల్‌లో, లక్డీకాపూల్‌లో చౌరస్తా దాటుతోంది. అక్కడ అతనికి ఒక తెల్ల గీత కూడా లేదు.

చౌరస్తాలో అసలు ఏం జరుగుతుందో కొంచెం వివరంగా చెప్పాలి. ఎందుకంటే ‘నిర్లక్ష్యంగా నడిపాడు’ అన్న ఒక్క మాటతో ఈ ప్రమాదాల కథ ముగిసిపోతోంది. చనిపోతే డ్రైవర్ మీద భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ కింద కేసు పెడతారు. చౌరస్తా మీద కేసు ఎవరూ పెట్టరు.

మొదటిది కారు కట్ కొట్టడం. సైకిల్ ఎడమ అంచున నేరుగా పోతోంది. వెనక నుంచి వచ్చిన కారు దాన్ని దాటి, వెంటనే దాని ముందు నుంచే ఎడమకు తిరుగుతుంది. డ్రైవర్ మనసులో దురుద్దేశం ఉండదు. సైకిల్‌ని దాటేశాను, ఇక అది వెనకబడ్డట్టే అనుకుంటాడు. లెక్క చూడండి. మామూలుగా తొక్కే మనిషి కూడా గంటకు 18 కిలోమీటర్ల వేగంతో పోతాడు, అంటే సెకనుకు 5 మీటర్లు. కారు అతన్ని దాటి 10 మీటర్లు ముందుకెళ్ళి, మలుపు కోసం బ్రేకు వేసి దాదాపు ఆగిపోయిందనుకుందాం. రెండు సెకన్లలో సైకిల్ కారు ఎడమ డోరు పక్కన ఉంటుంది. అతను బ్రేకు వేసినా వానాకాలంలో ఆ రబ్బరు కట్టెలు రిమ్ముని పట్టవు. పక్కకి తిప్పుదామంటే పక్కన ఫుట్‌పాత్ రాయి. ఇక మిగిలింది కారు మీద పడటమే.

రెండోది బస్సు, లారీ. ఇది ప్రాణం తీసేది. పొడవాటి బండి తిరిగేటప్పుడు వెనక చక్రాలు ముందు చక్రాల దారిలో రావు, లోపలికి కోసుకుంటూ వస్తాయి. అది తెలిసిన డ్రైవర్ ఎడమకు తిరగాలంటే ముందు కొంచెం కుడికి జరిపి, తర్వాత ఎడమకు కొడతాడు. ఆ పని సరైనదే. వెనక సైకిల్ మీద ఉన్నవాడికి మాత్రం ఎలా కనిపిస్తుంది? బస్సు కుడికి పోతోంది, ఎడమ పక్క దారి ఖాళీ అయింది అనిపిస్తుంది. ఆ ఖాళీలోకి దూరతాడు. సరిగ్గా ఆ ఖాళీనే బస్సు వెనక చక్రాలు మింగేసే చోటు. మన బండ్లలో డ్రైవర్ కుడివైపు కూర్చుంటాడు. ఎడమ వైపు, క్యాబిన్ కింద, తలుపు పక్కన ఉన్నదేదీ అతనికి తిన్నగా కనపడదు. ఒకప్పుడు లారీకి క్లీనర్ ఉండేవాడు. తల బయట పెట్టి రేకు మీద చేత్తో కొడుతూ ‘రానీ రానీ, ఆపు’ అని అరిచేవాడు. ఇప్పుడు చాలా లారీల్లో ఆ సీటు ఖాళీ. కండక్టర్ లేకుండా డ్రైవరే టికెట్లు కొట్టే ఆర్టీసీ సర్వీసులూ వచ్చాయి. ఎడమవైపు చూసే ఆ రెండో జత కళ్ళను ఖర్చు కింద లెక్కేసి తీసేశాం. బదులుగా ఏం పెట్టామో ఎవరైనా చెబితే వింటాను.

మూడోది, ఫ్రీ లెఫ్ట్ కోసమే కట్టిన వంపు దారి. మధ్యలో చిన్న త్రికోణపు దిమ్మె, దాని పక్క నుంచి వెడల్పైన మలుపు. వంపు ఎంత విశాలంగా ఉంటే బండి అంత వేగంగా తిరుగుతుంది. అక్కడికొచ్చేసరికి డ్రైవర్ చూపంతా కుడివైపు ఉంటుంది, ఆ రోడ్డు మీది బండ్లలో తాను కలవాలి కదా. ఎడమ పక్కన సైకిల్ ఉందా, ముందు జీబ్రా గీతల మీద ముసలమ్మ ఉందా అన్నది చూసే తీరిక ఉండదు. నడిచేవాళ్ళ కష్టం, సైకిల్ కష్టం ఇక్కడ ఒకటే.

ఆటోలు సవారీ కనపడగానే ఎడమకు లాగడం, సిటీ బస్సు స్టాపులోకి అడ్డంగా దిగడం, అద్దాలు పీకేసిన బైకులు ఇండికేటర్ లేకుండా తిరగడం, ఇవన్నీ మీరు రోజూ చూసేవే. వాటి గురించి పేజీలు నింపను.

వీటికి మందు కొత్త చట్టంలోనే ఉందని అనుకోనక్కర్లేదు. 1989 నాటి రోడ్డు నిబంధనల్లోనే ఒక మాట ఉండేది: ఎడమకు తిరిగే డ్రైవర్, తాను విడిచిపెట్టే రోడ్డులోనూ, చేరబోయే రోడ్డులోనూ వీలైనంత ఎడమ అంచుకు దగ్గరగా నడపాలి. ఈ ఒక్క వాక్యాన్ని నిజంగా పాటిస్తే సగం గొడవ తీరుతుంది. ఎడమకు తిరగబోయే కారు, మలుపుకు చాలా ముందే ఇండికేటర్ వేసి, అద్దంలో చూసి, సైకిల్ వెనక ఎడమ అంచుకు చేరిందనుకోండి. అప్పుడు నేరుగా పోయే సైకిల్ దాని ముందు ఉంటుంది, లేదా దాని కుడి పక్క నుంచి పోతుంది. ఇద్దరి దారులూ ఒకదాన్నొకటి కోసుకోవు. ప్రమాదమంతా మధ్య లైనులో ఉండి, చివరి క్షణంలో సైకిల్ ముందు నుంచి ఎడమకు విరిచేయడం వల్ల వస్తోంది. మలుపు దగ్గర సైకిల్‌ని దాటకు, దాని వెనక ఉండు. అయిదు సెకన్లు పోతాయి, అంతే.

మనలాగే ఎడమవైపు నడిపే బ్రిటన్‌లో 2022 జనవరిలో హైవే కోడ్ మార్చి ఈ మాటే స్పష్టంగా రాశారు. తిరిగే డ్రైవర్, నేరుగా పోతున్న సైకిల్‌కి అడ్డంగా కోసుకు పోకూడదు, అవసరమైతే ఆగి దాన్ని పోనివ్వాలి. మన దగ్గర 2017 డ్రైవింగ్ నిబంధనలు నడిచేవాళ్ళ పట్ల, సైకిలిస్టుల పట్ల ప్రత్యేక జాగ్రత్త చూపాలంటాయి. మంచి మాటే. కానీ ‘జాగ్రత్త’ అన్నదాన్ని చౌరస్తాలో నిలబడ్డ కానిస్టేబుల్ ఎలా కొలవాలి? ‘మలుపు దగ్గర సైకిల్ ముందు కట్ కొట్టరాదు’ అంటే కొలవొచ్చు, కెమెరాలో చూడొచ్చు, చలాన్ వేయొచ్చు.

ఆ రూలు రాసే అధికారం రాష్ట్రానికి ఉంది. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో 138(1ఏ) చేరింది. ఇంజను లేని బండ్లు, నడిచేవాళ్ళు రోడ్డు మీద ఎలా తిరగాలో రాష్ట్ర ప్రభుత్వం రోడ్డు భద్రత కోసం నియమాలు చేయవచ్చని అది చెబుతుంది. 2025 అక్టోబరులో సుప్రీంకోర్టు, రాష్ట్రాలన్నీ ఆరు నెలల్లో ఈ నియమాలు చేయాలని ఆదేశించింది. అవి రాసే చేతుల్లో ఎవరికైనా నా ఉత్తరం చేరితే ఒక విన్నపం. సైకిల్ ఏమేం చేయకూడదో చెప్పే జాబితాగా వాటిని తేవద్దు. సైకిల్‌కి ఎక్కడ చోటుందో ముందు రాయండి. అదే సవరణలో 198ఏ కూడా వచ్చింది. రోడ్డు డిజైన్ ప్రమాణాలు పాటించనందువల్ల ఎవరైనా చనిపోతే, వికలాంగులైతే, ఆ బాధ్యత ఉన్న సంస్థకో కాంట్రాక్టరుకో లక్ష రూపాయల దాకా జరిమానా. ఇంజనీర్లు ఈ సెక్షన్‌ని బెదిరింపుగా కాక, పైవాళ్ళని బడ్జెట్ అడగడానికి దొరికిన సాకుగా వాడుకుంటే మాకూ మంచిదే.

ఇక ఇంజనీర్ల పని. సైకిల్ దారుల మీద భారత రోడ్ల కాంగ్రెస్ 1962లోనే ప్రమాణాలు రాసింది, 2015లో వాటిని సవరించింది కూడా. కాబట్టి పుస్తకం లేక ఆగిపోలేదు. ఒక హెచ్చరిక మాత్రం చెప్పాలి. ‘సైకిల్ లేన్ వేశాం’ అని ఎడమ అంచు వెంబడి చౌరస్తా దాకా ఒక రంగు పట్టీ లాగేసి వదలకండి. ఆ పట్టీ సైకిల్‌ని ఎడమకు తిరిగే బండ్లకి ఇంకా ఎడమ పక్కన బంధిస్తుంది. నేరుగా పోయేవాడు ఎడమ చివర, ఎడమకు తిరిగేవాడు వాడి కుడి పక్కన అంటే ప్రమాదాన్ని రంగు వేసి మరీ పిలిచినట్టు. వెడల్పు ఉన్న చోట ఎడమకు తిరిగే లైను పూర్తిగా ఎడమకు ఉండాలి, నేరుగా పోయే సైకిళ్ళ పట్టీ దానికి కుడివైపు ఉండాలి. రెండూ మారే చోటు చౌరస్తాకి బాగా ముందే, బండ్లు ఇంకా తిరగడం మొదలెట్టని చోట ఉండాలి.

వెడల్పు లేని చోట ఇంకో మార్గం ఉంది. స్టాప్ లైన్‌ని నాలుగైదు మీటర్లు వెనక్కి జరిపి, దాని ముందు సైకిళ్ళకి ఒక పెట్టె గీయండి. ఎర్ర లైటు పడ్డప్పుడు సైకిళ్ళు ఆ పెట్టెలో, అన్ని బండ్ల ముందు, అందరికీ కనపడేలా నిలబడతాయి. మొదటి పేరాలో అడిగిన ప్రశ్నకి జవాబు ఆ పెట్టే. లండన్ చౌరస్తాల్లో ఇవి ఎప్పటి నుంచో ఉన్నాయి. మన దగ్గర బైకులు వాటిని నింపేస్తాయి కదా అంటారు. నింపేస్తాయి, నాకూ తెలుసు. స్టాప్ లైన్ మీద ఇప్పటికే జరిమానా ఉందిగా, అదే కెమెరా ఆ పెట్టెని కూడా చూస్తే సరి. ఇంకా వీలైతే ఆ పెట్టెకీ, జీబ్రా మీద నడిచేవాళ్ళకీ పచ్చ లైటు నాలుగైదు సెకన్లు ముందు ఇవ్వండి. బస్సు కదిలేసరికి సైకిల్ చౌరస్తా మధ్యలో ఉంటుంది, డ్రైవర్ కళ్ళ ముందు ఉంటుంది.

ఫ్రీ లెఫ్ట్ వంపుల్ని అన్నిచోట్లా మూసేయమని అడగను. అంబులెన్సుల కోసం, ట్రాఫిక్ జామ్ కాకుండా ఉండటం కోసం అవి అవసరమని మీరంటారు, కొన్ని చోట్ల ఒప్పుకుంటాను. బస్సులు, లారీలు ఎక్కువగా తిరిగే చోట మాత్రం దాన్ని సిగ్నల్ కిందికి తెచ్చి, ఎడమ బాణం వెలిగినప్పుడే పోనివ్వండి. మిగతా చోట్ల వంపుని బిగించండి. మొదట సిమెంటు కూడా అక్కర్లేదు, మీ దగ్గర గుట్టలుగా ఉన్న ప్లాస్టిక్ కోన్లు చాలు. వంపు లోపలి అంచుని కోన్లతో మూసి, బండి మెల్లగా తిరిగితే తప్ప పోలేని వెడల్పు ఉంచండి. జీబ్రా గీతల్ని ఫుట్‌పాత్ ఎత్తుకి లేపితే ఇంకా మంచిది. ఒక్కమాట, ఎడమ అంచున డ్రైనేజీ మూతలు సరిచేయించండి, ఇసుక, కంకర ఊడ్పించండి. సైకిల్ ఉన్నట్టుండి కుడికి ఊగింది అంటే తొక్కేవాడు తాగి ఉన్నాడని కాదు, ముందు గుంత ఉందని.

ఎడమ సంగతి ఇలా ఉంటే, కుడి సంగతి ఇంకో బాధ. నగరంలో చాలా చౌరస్తాలు మూసేసి యూటర్న్‌లు పెట్టారు. కార్లకి సిగ్నల్ ఆగుడు తగ్గింది, బాగుంది. సైకిల్ మీద యూటర్న్ అంటే ఏమిటో ఒక్కసారి ఊహించండి. ఎడమ అంచు నుంచి మూడు లైన్లు అడ్డంగా దాటి కుడి చివరకు చేరాలి, అక్కడ వేగంగా వచ్చే బండ్ల నడుమ ఆగాలి, మెట్రో పిల్లర్ చాటున నిలబడి అవతలి నుంచి ఏం వస్తోందో తొంగి చూడాలి, తిరిగాక మళ్ళీ మూడు లైన్లు దాటి ఎడమకు రావాలి. ఎదురుగా యాభై మీటర్ల దూరంలో ఉన్న సందుకి పోవడానికి ఇదంతా. ఇక అతను చేసేదేమిటంటే రాంగ్ రూట్లో అంచు వెంబడి పోవడం. దాన్ని సమర్థించను. సందు లోంచి ఎడమకు తిరిగే బండివాడు కుడివైపే చూస్తాడు, ఎడమ నుంచి ఎదురొచ్చే సైకిల్‌ని అసలు ఊహించడు. కానీ రాంగ్ రూట్‌లో పోయే సైకిల్‌ని పట్టుకుని తిట్టేటప్పుడు, అతనికి రైట్ రూట్ ఎక్కడ పెట్టామో కూడా చూపించగలగాలి కదా.

డెన్మార్క్‌లో సైకిల్ మీద పెద్ద మలుపు తిరగాలంటే రెండు దఫాల్లో తిరగాలని చట్టమే ఉంది. మన ఎడమ పద్ధతికి మార్చి చెబితే, కుడికి పోవాల్సినవాడు ముందు పచ్చ లైటు మీద నేరుగా అవతలి మూలకు పోయి ఆగుతాడు, అక్కడ సైకిల్‌ని కుడి వైపు తిప్పుకుని, ఆ రోడ్డుకి పచ్చ లైటు పడ్డాక మళ్ళీ నేరుగా పోతాడు. మూడు లైన్లు అడ్డంగా దాటే పనే లేదు. దీనికి కావలసింది అవతలి మూలలో రెండు సైకిళ్ళు పట్టే చోటు. యూటర్న్ పెట్టిన చోటయితే, నడిచేవాళ్ళు దాటడానికి వదిలిన సందులోనే సైకిల్ నడిపించుకు పోయేంత వెడల్పు ఉంచాలి. ఇప్పుడు చాలాచోట్ల ఆ సందుని బారికేడ్లతో కట్టేశారు.

లైసెన్సుల వారికి. మన పరీక్ష ట్రాకు మీద కారుని హెచ్ ఆకారంలో వెనక్కీ ముందుకీ తిప్పితే, బైకుని ఎనిమిది అంకెలో నడిపితే లైసెన్సు. నాగోలు ట్రాకు మీద పాసైన మనిషికి ఎడమకు తిరిగే ముందు ఎడమ అద్దం, ఆపైన భుజం మీదుగా ఒక చూపు అన్న అలవాటు ఎవరు నేర్పారు? ఆ ట్రాకు మీద ఒక మలుపు దగ్గర సైకిల్‌ని నడిపించండి. దాన్ని చూసి వెనక ఆగినవాడు పాసు, దాటి కట్ కొట్టినవాడు ఫెయిలు. ఎల్ఎల్ఆర్ ప్రశ్నల్లో గుర్తుల బొమ్మలతో పాటు ఈ సందర్భం మీద రెండు ప్రశ్నలు చేర్చడానికి పైసా ఖర్చు కాదు.

పెద్ద బండ్ల విషయంలో లండన్ చేసిన పనులు రెండు చెబుతాను. 12 టన్నులు దాటిన లారీ డ్రైవర్ సీటు నుంచి తిన్నగా ఎంత కనిపిస్తుందో కొలిచి నక్షత్రాలు ఇస్తారు. చాలినంత కనపడని లారీ, కెమెరాలు, సెన్సర్ల వంటి అదనపు ఏర్పాట్లు లేకుండా నగరంలోకి రాకూడదు. 2021 మార్చి నుంచి దీన్ని అమలు చేస్తున్నారు, 2024 అక్టోబరులో ఇంకా బిగించారు. రెండోది చవకైనది. అక్కడి పోలీసులు సైకిల్ తొక్కేవాళ్ళని ఆపి ఉంచిన లారీ డ్రైవర్ సీట్లో కూర్చోబెడతారు. పక్కన ఇంకో సైకిల్‌ని నిలబెట్టి, కనిపిస్తోందా అని అడుగుతారు. లారీ డ్రైవర్ల శిక్షణలో భాగంగా వాళ్ళ చేత రోడ్డు మీద సైకిల్ తొక్కించే కోర్సులూ ఉన్నాయి. హకీంపేటలో ఆర్టీసీకి శిక్షణ కళాశాల ఉంది, బస్సులున్నాయి, విశాలమైన జాగా ఉంది. ఒక ఆదివారం అక్కడికి రమ్మంటే సైకిల్ వాళ్ళం వస్తాం. బస్సు డ్రైవర్లని మా సైకిళ్ళు ఎక్కించండి, మమ్మల్ని వాళ్ళ సీట్లో కూర్చోబెట్టండి. అటూ ఇటూ తిట్టుకోవడం కొంతైనా తగ్గుతుంది.

సైకిల్ తొక్కేవాళ్ళం మారాల్సింది కూడా ఉంది, అది చెప్పకపోతే ఈ ఉత్తరం ఒంటికాలి మీద నడిచినట్టే. ఆగి ఉన్న బస్సుకి, లారీకి ఎడమ పక్కన ఖాళీ కనిపించగానే దూరకూడదు, అది ఇండికేటర్ వేసినా వేయకపోయినా సరే. దాని అద్దంలో డ్రైవర్ మొహం మనకి కనపడలేదంటే మనం అతనికి కనపడనట్టే. దాని వెనకే ఆగాలి, లేదా బాగా ముందుకెళ్ళి కనపడేలా నిలబడాలి. చౌరస్తా దగ్గర మరీ అంచుకి అంటుకుని పోకుండా లైను మధ్యలోకి కొంచెం రావాలి. వెనకవాడు విసుక్కుంటాడు, పర్వాలేదు, విసుక్కున్నాడంటే చూశాడనే. తిరిగేముందు చెయ్యి చాపాలి. చీకటి పడితే ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి. ఇక్కడ స్వచ్ఛంద సంస్థలకి ఒక మాట. సైకిల్ మీద పనికి పోయేవాళ్ళకి రిఫ్లెక్టర్ స్టిక్కర్లు, చిన్న బ్లింకర్ లైట్లు పంచండి. మారథాన్ టీషర్టుల ఖర్చులో కొంత అటు మళ్ళితే చాలు.

చివరగా లెక్కల గురించి. ప్రమాదం జరిగిన చోటుకి వెళ్ళిన పోలీసులు ఐరాడ్ యాప్‌లో వివరాలు నమోదు చేస్తున్నారు. అందులోంచి సైకిల్ ఉన్న ప్రమాదాల్ని, బండి తిరుగుతుండగా జరిగిందా లేదా అన్న వివరంతో సహా, చౌరస్తాల వారీగా విడదీసి ఏటా ప్రజల ముందు పెట్టండి. ఏ చౌరస్తాలో ముందు పని మొదలెట్టాలో అప్పుడు మేము చెప్పక్కర్లేదు.

ఈలోపు ఒక్కటి పరీక్షగా చేసి చూడండి. నన్నడిగితే బాలానగర్ దగ్గరి ఐడీపీఎల్ చౌరస్తా పేరు చెబుతాను. ఫ్యాక్టరీలకు పోయే సైకిళ్ళు, సరుకు లారీలు, సిటీ బస్సులు అన్నీ అక్కడ కలుస్తాయి. ఒక నెలపాటు కోన్లతో ఎడమ వంపు బిగించండి, స్టాప్ లైన్ వెనక్కి జరిపి సైకిల్ పెట్టె గీయండి, ముందు నెల కెమెరా ఫుటేజీనీ ఈ నెల ఫుటేజీనీ పక్కపక్కన పెట్టి చూడండి. ట్రాఫిక్ నిజంగానే స్తంభించిపోతే కోన్లు తీసేయడానికి గంట పట్టదు. షిఫ్టు మారే సమయంలో అక్కడ నిలబడి సైకిళ్ళు, కట్‌లు లెక్కపెట్టడానికి మనుషులు కావాలంటే నేనూ, నాతో సైకిల్ తొక్కే మిత్రులూ సిద్ధం. తేదీ మీరు చెప్పండి.

ఇట్లు,
సైకిలూ కారూ రెండూ నడిపే ఒక నగరవాసి